వాననీటి కాల్వల పాత మోడళ్ల మార్పిడిపై ఇంజినీర్లకు, అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడ

పట్టణాల వాననీటి పారుదల పథకాలను రూపకల్పన చేసే ఇంజినీర్లకు, కన్సల్టెన్సీ సంస్థల బాధ్యులకు, ఆ పథకాలకు సాంకేతిక మంజూరు ఇచ్చే అధికారులకు,

నమస్కారం.

నగరంలోని డ్రెయిన్లు ఎంత వానకు ఎంత నీటిని మోయగలవో కంప్యూటరులో లెక్కకట్టి చూపే ఫైళ్లను మన వృత్తిలో మోడళ్లు అంటాము. పదేళ్ల కిందటో పదిహేనేళ్ల కిందటో ప్రజాధనంతో తయారైన ఇటువంటి మోడళ్లను ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నారు. మార్చడం తప్పు కాదు, తప్పదు కూడా. అయితే మార్చిన తరువాత పాత ఫలితాలతో పోల్చి చూడకుండానే, మార్పిడిలో ఏమి జారిపోయిందో, అడగకుండా ఏమి వచ్చి చేరిందో రాసిపెట్టకుండానే, ఆ ఫైలు ఆధారంగా కాల్వల వెడల్పు, లోతు నిర్ణయించి అంచనాలు వేసే అలవాటు మన మధ్య పెరిగింది. దీనిపై రాతపూర్వకంగా ఇచ్చిన వినతులకు సరైన సమాధానం రాకపోవడంతో ఈ విషయాన్ని బహిరంగంగా మీ ముందు ఉంచుతున్నాను.

జరిగినదేమిటో ముందు చెబుతాను. మా కాలనీ వాననీరు బుడమేరు వాగు వైపు పోయే, నీటిని చివరికి బయటికి వదిలే ఒక అవుట్‌ఫాల్ డ్రెయిన్‌లో కలుస్తుంది. ఆ డ్రెయిన్‌ను తిరిగి కట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు నివాసుల సంఘం తరఫున సాంకేతిక నివేదిక ప్రతిని అడిగి తీసుకున్నాము. ఈ మోడళ్లు తయారు చేయడమే నా వృత్తి కనుక అనుబంధ పట్టికలు చదివే పని నాకు అప్పగించారు. అదే డ్రెయిన్‌కు గతంలో తయారైన నివేదిక ముద్రిత ప్రతి కూడా సంఘం దగ్గర ఉంది. పాత పట్టికలో డ్రెయిన్ చివర బుడమేరు వరద మట్టాన్ని సరిహద్దుగా, అంటే బయటికి పోయే నీటికి ఎదురయ్యే మట్టంగా, తీసుకుని లెక్క కట్టారు. కొత్త పట్టికలో అదే అవుట్‌ఫాల్ ఎదుట ‘ఫ్రీ’ (ఎదురు నీరు లేకుండా స్వేచ్ఛగా పడుతుంది) అని మాత్రమే ఉంది. ఎందుకు మార్చారన్న వివరణ నివేదికలో ఎక్కడా లేదు. పాత మోడల్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేశామన్న ఒక్క వాక్యం ఉంది. మేము రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, పాత ఫైలు ఇప్పుడు తెరుచుకోవడం లేదని, కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితాలనే ప్రామాణికంగా తీసుకుంటామని చిన్న జవాబు వచ్చింది. తరువాతి లేఖలకు ఆ పాటి జవాబు కూడా లేదు. ఆ కార్యాలయం పేరు గాని, కన్సల్టెంటు పేరు గాని ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ లోపం ఒక్క కార్యాలయానిది కాదని ఈ పనిలో ఉన్న మీకు నేను చెప్పనక్కర లేదు.

పాత ఫైళ్లు ఎందుకు తెరుచుకోవో ఈ రంగం బయటి పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. డ్రెయినేజీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలు చేతులు మారుతూ వచ్చాయి. స్టార్మ్‌క్యాడ్ రూపొందించిన హేస్టడ్ మెథడ్స్‌ను 2004లో బెంట్లీ కొనుగోలు చేసింది. ఇన్‌ఫోవర్క్స్ ఉత్పత్తులు చేతిలో ఉన్న ఇన్నోవైజ్‌ను 2021లో ఆటోడెస్క్ తీసుకుంది. ఈ క్రమంలో కొన్ని ప్రోగ్రాములు ఆగిపోయాయి, కొన్నింటి ఫైలు రూపం మారింది, కొన్ని పాతవి యూఎస్‌బీ లైసెన్సు తాళం గుచ్చితే తప్ప తెరుచుకోవు, ఆ తాళం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎస్‌డబ్ల్యుఎంఎం అనే వాననీటి లెక్కల ప్రోగ్రాము 2004లో అయిదో వెర్షన్‌గా కొత్తగా రాయబడినప్పటి నుంచి దాని ఇన్‌పుట్ ఫైలు సాధారణ అక్షరాల ఫైలుగానే ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మ్యాన్‌హోళ్లు, పైపులు, వాన లెక్కలు వరుసగా చదువుకోవచ్చు. 2022లో వచ్చిన 5.2 వెర్షన్ కూడా ఆ నాటి ఫైలును చదవగలదు. కాబట్టి ఫైలు తెరుచుకోకపోవడం కాలధర్మం కాదు. ఏ రూపంలో అప్పగించాలో ఒప్పందం రాసేనాడు ఎవరూ అడగకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఇక ఫైలు తెరుచుకున్నా, ఎర్ర గీత లేకుండా లెక్క పూర్తయినా, ఫలితం తప్పు కావచ్చు. కొలమానాల తికమక వంటి పెద్ద తప్పులు సాధారణంగా దొరికిపోతాయి. ఒక క్యూమెక్ (సెకనుకు ఒక ఘనపు మీటరు) అంటే 35.3 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు), ఆ నిష్పత్తిలో తేడా వస్తే కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కూడా పట్టుకుంటాడు. పట్టుబడనివి చిన్నవి, చూడటానికి సబబుగా కనిపించేవి. వాటివల్ల సామాన్యులకు ఏమి జరుగుతుందో వరుసగా చెబుతాను.

1. డ్రెయిన్ చివర ఏముందో మోడల్ మరిచిపోవడం. విజయవాడకు సంబంధించినంత వరకు అన్నింటిలోకి పెద్దది ఇదే. మన డ్రెయిన్లు కొండ మీది నుంచి సముద్రంలోకి దూకడం లేదు. ఒక పక్క కృష్ణా నది, మరో పక్క కొల్లేరు దాకా పోయే బుడమేరు, మధ్యలో ఏలూరు, రైవస్, బందరు కాల్వలు ఉన్న నగరమిది. భారీ వాన పడేనాడే బుడమేరు కూడా నిండుతుంది, నది కూడా పెరుగుతుంది. అప్పుడు డ్రెయిన్‌లోని నీరు ముందుకు పోకపోగా బయటి నీరే వెనక్కి ఎదురెక్కుతుంది. ఎస్‌డబ్ల్యుఎంఎంలో అవుట్‌ఫాల్‌కు అయిదు రకాల సరిహద్దులు ఇవ్వవచ్చు: ఫ్రీ, నార్మల్, స్థిర మట్టం, ఆటుపోట్లు, సమయాన్ని బట్టి మారే మట్టం. పాత మోడల్‌లో బుడమేరు మట్టాల పట్టిక వేరే ఫైలులో ఉండి, ఆ ఫైలు చిరునామా పాత కంప్యూటరుదై ఉంటే, మార్చే వ్యక్తి ఆ లంకెను సరిచేయాలి. తొందరలో ఉన్నవాడు లోపం చూపిస్తున్న వరుసను తీసేసి ‘ఫ్రీ’ అని పెడతాడు. లెక్క సాఫీగా నడుస్తుంది, కాగితం మీద డ్రెయిన్ చక్కగా ఖాళీ అవుతుంది. ఎదురు నీటిని అసలు లెక్కించలేని కైనమాటిక్ వేవ్ పద్ధతిని ఎంచుకున్నా ఫలితం ఇలాగే అందంగా ఉంటుంది.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి రోజుల్లో ఏమి జరిగిందో ఈ నగరంలో ఎవరినడిగినా చెబుతారు. బుడమేరు మళ్లింపు కాల్వకు గండ్లు పడ్డాయి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, న్యూ రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. గండ్లు పడకుండా చూడటం వేరే శాఖ పని, దాని గురించి నేను ఇక్కడ మాట్లాడటం లేదు. పై నుంచి వచ్చే వరద తగ్గినా వీధుల్లోని నీరు ఎందుకు కదలదు అన్న ప్రశ్న మాత్రం డ్రెయిన్ చివరి మట్టానికి సంబంధించినది, దానికి జవాబు మోడల్ చెప్పాలి. చివర ‘ఫ్రీ’ అని రాసి ఉన్న మోడల్ ఆ జవాబు ఎప్పటికీ చెప్పదు. దాన్ని నమ్మి పంపుల సంఖ్య తగ్గించినా, తూముకు తలుపు అక్కర లేదనుకున్నా, నడుము లోతు నీటిలో పిల్లల సర్టిఫికెట్లు ఎత్తి పట్టుకుని నిలబడేది కింది అంతస్తులో అద్దెకున్న ఆటో డ్రైవరు కుటుంబం.

కృష్ణలంక వైపు చూడండి. కరకట్ట గోడ 2024 వరదను ఆపింది, అందుకు దాన్ని కట్టినవారిని మెచ్చుకోవలసిందే. గోడకు ఆవల నది నిండుగా ఉన్నప్పుడు ఈవలి వాననీరు ఎక్కడికి పోవాలి అన్నది మాత్రం తూము తలుపుల సంగతి. మోడల్‌లో ఆ తలుపు ఉందో లేదో చెప్పేది ఒక్క పదం, అవును లేదా కాదు. మార్పిడిలో ఆ ఒక్క పదం తారుమారైతే నది నీరు గోడ చుట్టి వచ్చినట్టే లోపలికి వస్తుంది, లేదా ఎప్పటికీ రాదు. రెండూ నిజం కావు.

2. పొంగిన నీరు లెక్కలోంచి మాయం కావడం. మ్యాన్‌హోల్ నిండి నీరు రోడ్డెక్కితే ఏమి చేయాలో ప్రోగ్రాముకు ముందే చెప్పాలి. ఎస్‌డబ్ల్యుఎంఎంలో నీరు నిలవడానికి అనుమతించే ఎంపికను ఆపి ఉంచితే పొంగిన నీరు వ్యవస్థలోంచి పూర్తిగా పోయినట్టు లెక్క. తెరిచి ఉంచి, నిలిచే విస్తీర్ణం కూడా ఇస్తే ఆ నీరు అక్కడే నిలిచి, డ్రెయిన్‌లో చోటు దొరికినప్పుడు తిరిగి లోపలికి దిగుతుంది. పాత మోడల్‌లో తెరిచి ఉన్నది కొత్త దానిలో మూసుకుపోతే, పై వీధిలో పొంగిన నీరు కింది వీధికి చేరదు. మొగల్రాజపురం కొండ పక్క దిగే నీరు కాగితం మీద ఆవిరై, పటమట వైపు కాల్వ చాలినంత ఉందని తేలుతుంది. కింది వీధి వారికి మంజూరు కావలసిన డ్రెయిన్ అలా ఆగిపోతుంది, పైగా మీ దగ్గర ముంపు లేదని మోడల్ చెబుతోందన్న సమాధానం కూడా వారే వినాలి.

3. నేల తనంతట తాను పైకి లేవడం. వింతగా ఉన్నా ఇది నిజం. పైపు అడుగు ఎక్కడుందో చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి: మ్యాన్‌హోల్ అడుగు నుంచి ఎంత ఎత్తు అని, లేదా సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తు అని. ఉదాహరణకు మ్యాన్‌హోల్ అడుగు 17.20 మీటర్ల వద్ద, పైపు అడుగు 17.35 మీటర్ల వద్ద ఉన్నాయనుకుందాము. మొదటి పద్ధతిలో 0.15 అని, రెండో పద్ధతిలో 17.35 అని రాయాలి. 17.35ను మొదటి పద్ధతిగా చదివితే పైపు గాలిలో వేలాడుతుంది. అప్పుడు ప్రోగ్రాము ఆగిపోతే బాగుండును, కాని ఆగదు. పైపు పైభాగానికి సరిపోయేట్టు ఆ మ్యాన్‌హోల్ గరిష్ఠ లోతును తానే పెంచుకుని, నివేదికలో ఒక హెచ్చరిక వాక్యం రాసి, ముందుకు పోతుంది. నేల మట్టం పెరిగిన చోట పొంగడం ఉండదు. ఊరంతా ఇలా జరిగితే ఎవరైనా గమనిస్తారు. పాత మోడల్‌ను రెండు ముక్కలుగా ఇద్దరు తయారుచేసి అతికించిన సందర్భాల్లో ఒక ముక్కకు మాత్రమే ఇలా జరుగుతుంది, అది ఎవరి కంటా పడదు. ఆ హెచ్చరికల పేజీని సవివర ప్రాజెక్టు నివేదిక అయిన డీపీఆర్‌తో జతచేయడం నేను చూసింది చాలా అరుదు.

మన నేల సమతలం కావడం వల్ల ఇటువంటిదే ఇంకొకటి ఉంది. పైపు రెండు కొసల మధ్య వాటం దాదాపు లేకపోతే ప్రోగ్రాము ఒక కనీస వాటాన్ని తానే వేసుకుని దానికీ ఓ హెచ్చరిక రాస్తుంది. ఆ వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే సర్వే ఎంత జాగ్రత్తగా జరిగిందో తెలిసిపోతుంది.

4. పాత రోడ్డు మట్టాలు చెరిగిపోవడం. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోయిన వీధుల్లో ఇళ్ల గడపలు రోడ్డుకన్నా కిందికి పోయాయి. స్థోమత ఉన్నవారు జాకీలు పెట్టించి ఇల్లు ఎత్తించుకుంటున్నారు, లేనివారు గుమ్మానికి ఇటుకల అడ్డుగోడ కట్టుకుంటున్నారు. పదిహేనేళ్ల కిందటి మోడల్‌లోని మ్యాన్‌హోల్ మూత మట్టాలు అప్పటి రోడ్డు ఎత్తుకు కొలిచిన సాక్ష్యం. మార్పిడి సమయంలో వాటి మీద కొత్త సర్వే మట్టాలు ఎక్కించి పాతవి పారేస్తే, రోడ్డు ఎంత లేచిందో, అందువల్ల నీరు ఏ గుమ్మాల వైపు మళ్లిందో చెప్పే ఆధారం పోతుంది. పైగా పాత మట్టాలు ఎత్తు ముందే తెలిసిన ఒక బెంచ్‌మార్కు నుంచి, కొత్తవి జీపీఎస్ నుంచి వచ్చి ఉంటే రెండూ ఒకే ఆధారతలం (ఎత్తులను కొలవడం మొదలుపెట్టే సున్నా మట్టం) మీద ఉన్నాయో లేదో తేల్చాలి. జీపీఎస్ పరికరం నేరుగా ఇచ్చే ఎత్తు సగటు సముద్ర మట్టం నుంచి కొలిచినది కాదు. పటాలు కూడా అంతే, సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు భూమి ఆకారానికి నమూనాగా తీసుకున్న ఎవరెస్ట్ దీర్ఘగోళం మీద, ఇప్పటివి డబ్ల్యుజీఎస్ 84 అనే మరో నమూనా మీద తయారయ్యాయి. ఈ సంగతి రాసిపెట్టని మోడల్‌లో డ్రెయిన్ ఒక వీధిలో, దాని మ్యాన్‌హోల్ పక్క వీధిలో తేలుతుంది.

5. తూములు, అండర్ టన్నెళ్ల దగ్గరి నష్టాలు రాలిపోవడం. ఎనికేపాడు వద్ద బుడమేరు ఏలూరు కాల్వ కింది నుంచి దాటిపోయే అండర్ టన్నెల్ వంటి కట్టడాల్లో నీరు లోపలికి దిగేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కొంత శక్తి కోల్పోతుంది, ఆ మేరకు ఎగువన మట్టం పెరుగుతుంది. ఎస్‌డబ్ల్యుఎంఎం ఫైలులో ఈ నష్ట గుణకాలు, పైపులకు ఉన్న ఒంటివైపు తలుపుల వివరాలు ఒకే విభాగంలో ఉంటాయి. దాన్ని కొత్త ప్రోగ్రాము చదవకపోతే రెండూ కలిసి పోతాయి. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త అడ్డుపడే మన తూములకు అసలు గుణకాలే తక్కువ అంచనా, ఉన్నవి కూడా పోతే ఇక చెప్పేదేముంది.

6. ఒకే సర్వేకు రెండుసార్లు డబ్బు. పాత ఫైలు పనికిరాదని తీర్మానించిన ప్రతిసారీ అదే వీధుల మ్యాన్‌హోళ్లు మళ్లీ కొలిపించాలి. ఆ ఖర్చు పన్ను కట్టేవారిది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణను ప్రస్తావించాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఫలితం పాతదానితో కలవకపోయినంత మాత్రాన కొత్తది తప్పని కాదు. అమెరికా సైనిక ఇంజినీర్ల దళం రూపొందించిన హెక్-2 అనే నదీ మట్టాల ప్రోగ్రాము ఫైళ్లను వారిదే అయిన తరువాతి ప్రోగ్రాము హెక్‌రాస్‌లోకి తెచ్చినప్పుడు మట్టాలు కొద్దిగా మారతాయి, ఎందుకంటే నది గట్ల మీద ప్రవాహ సామర్థ్యాన్ని హెక్-2 అడ్డుకోత (నదిని అడ్డంగా కోసినట్టు గీసిన రూపం)లోని ప్రతి బిందువు దగ్గరా విడగొట్టి లెక్కిస్తే, హెక్‌రాస్ గరుకుదనం మారే చోట్ల మాత్రమే విడగొడుతుంది. ఆ తేడా వస్తుందని రూపకర్తలే తమ మాన్యువల్‌లో చెప్పి, పోల్చి చూసుకోవడానికి పాత పద్ధతిలో లెక్కించే ఎంపికను కూడా ఉంచారు. నేను అడుగుతున్నది ఆ మాత్రం నిజాయతీ. తేడా రావచ్చు, ఎందుకు వచ్చిందో రాయండి. కారణం రాయలేని తేడా ఉన్న మోడల్ మీద సంతకం పెట్టకండి.

మన దేశంలో ఇందుకు కావలసిన నియమాలు లేవని కూడా అనలేము. 2005 జూలై 26న ముంబయిలోని శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన తరువాత పట్టణ ముంపును నదుల వరద నుంచి వేరుచేసి చూడాలన్న ఆలోచన బలపడి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వాననీటి పారుదలకు విడిగా ఒక మాన్యువల్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని 2010లోనే ప్రకటించింది. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే కాగితాలు ఒక్కటే కాదు, మోడళ్లు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా కూడా. సెక్షన్ 4 ప్రకారం రికార్డులను జాబితా వేసి దొరికేలా ఉంచడం కార్యాలయాల బాధ్యత. ఫైలు తెరుచుకోవడం లేదన్న జవాబు ఈ చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో అధికారులే ఆలోచించాలి.

ఈ నేపథ్యంలో కింది విషయాలను అమలు చేయవలసిందిగా కోరుతున్నాను.

1. మార్పిడిని, నవీకరణను రెండు వేర్వేరు పనులుగా చేయాలి. మొదట పాత వాన, పాత మట్టాలు, పాత సరిహద్దులతోనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో లెక్క నడిపి పాత ఫలితం తిరిగి రాబట్టాలి. అది కుదిరిన తరువాతే కొత్త వాన లెక్కలు, కొత్త సర్వే, కొత్త కాలనీలు చేర్చాలి. రెండూ ఒకేసారి చేస్తే ఏ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మోడల్ తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఈ ఒక్క నియమం పాటించినా నా ఫిర్యాదులో సగానికి పైగా తీరుతుంది.

2. ప్రతి మార్పిడికీ ఒక పోలిక నివేదిక జతచేయాలి. గరిష్ఠ నీటి మట్టంలో తేడా 5 సెంటీమీటర్లు దాటిన ప్రతి మ్యాన్‌హోల్‌కు కారణం రాయాలి. ఎక్కువ ఇళ్ల గడపల విషయంలో ముంపుకు, తప్పించుకోవడానికి మధ్య ఉన్న ఎడం దాదాపు అంతే కనుక ఆ పరిమితి అడుగుతున్నాను. ప్రోగ్రాము ఇచ్చిన హెచ్చరికలు, లోపలికి వచ్చిన నీటికి, బయటికి పోయిన, నిలిచిన నీటికి మధ్య లెక్కలో తేలిన తేడా శాతం ఏదీ దాచకుండా ఇవ్వాలి. ఆ తేడా 10 శాతం వంటి స్థాయిని దాటితే ఫలితాలను సందేహించాలని ఎస్‌డబ్ల్యుఎంఎం మాన్యువలే చెబుతోంది.

3. పాత ఫలితాలు కంప్యూటరులో దొరకకపోతే ముద్రిత నివేదికలోని పట్టికలతో పోల్చాలి. అవి కూడా లేకపోతే, 2024 సెప్టెంబరు నాటి నీటి గుర్తులు గోడల మీద ఇంకా ఉన్న వీధుల్లో సర్వే చేసి, ఆ మట్టాలతో పోల్చాలి. రంగులు వేసుకునే లోపల ఆ పని జరగాలి, పండగకు సున్నాలు వేస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది.

4. ప్రతి అవుట్‌ఫాల్‌కు ఏ సరిహద్దు తీసుకున్నారో, తలుపు ఉందో లేదో, ఆ మట్టం ఏ శాఖ ఏ తేదీన ఇచ్చిందో తెలిపే ఒక పేజీ పట్టికను డీపీఆర్ మొదటి భాగంలోనే పెట్టాలి. బుడమేరు, కృష్ణ నిండుగా ఉన్న పరిస్థితికి ఒక లెక్క, లేని పరిస్థితికి ఒక లెక్క తప్పనిసరిగా చూపాలి. ఇందుకు జలవనరుల శాఖ, పట్టణ ఇంజినీరింగ్ విభాగం ఒకే బెంచ్‌మార్కుల మీద మాట్లాడుకోవడం అవసరం.

5. ఇకపై ఒప్పందాల్లో మోడల్‌ను మూడు రూపాల్లో అప్పగించాలన్న షరతు ఉండాలి: ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారైందో ఆ రూపంలో, సాధారణ అక్షరాల రూపంలో, పటం రూపంలో. వాన పట్టికలు, మట్టాల పట్టికలు, ఆధారతలం వివరం, వాడిన వెర్షన్ సంఖ్య కూడా వాటితో ఉండాలి. పీడీఎఫ్ ఇచ్చి మోడల్ ఇచ్చామనడం ఆగాలి. ఇవి అందిన తరువాతే చివరి బిల్లు చెల్లించాలి.

6. పాత ఫైలును మార్చిన తరువాత చెరిపివేయరాదు. కొత్త ప్రోగ్రాము తెరిచి సేవ్ చేసిన ఫైలు పాత ప్రోగ్రాములో మళ్లీ తెరుచుకోకపోవడం ఈ రంగంలో మామూలే కనుక, ముందు నకలు తీసి, మూల ఫైలును తాకకుండా భద్రపరచాలి. పాత లైసెన్సు తాళాలు పనిచేస్తున్న కార్యాలయాలు ఈ లోపే ఫైళ్లను అక్షరాల రూపంలోకి ఎగుమతి చేసి ఉంచుకోవాలి. దీనికి కావలసింది ఒక కంప్యూటరు, ఈ పని తెలిసిన ఒక ఇంజినీరు, కొంత ఓపిక. టెండరు అవసరం లేదు.

7. మా కాలనీ అవుట్‌ఫాల్ డ్రెయిన్ విషయంలో బుడమేరు మట్టంతో లెక్క తిరిగి చేసే వరకు కొలతలను ఖరారు చేయవద్దు.

కన్సల్టెన్సీల్లో పనిచేస్తున్న యువ ఇంజినీర్లకు ప్రత్యేకంగా ఒక మాట. గడువు మీ చేతిలో లేదని, సాయంత్రానికి నివేదిక పంపాలని పై నుంచి ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. ఇంపోర్ట్ పూర్తయిందన్న సందేశం వచ్చాక ఆప్షన్ల పేజీ, అవుట్‌ఫాల్ పట్టిక, హెచ్చరికల జాబితా, ఈ మూడూ చూడటానికి ఒక గంట చాలు. మీరు కనుగొన్న తేడాను మెయిల్‌లో రాసి పంపండి. పైవారు పట్టించుకోకపోయినా, మీరు చెప్పారన్న ఆధారం మిగులుతుంది.

వార్డుల్లోని నివాసుల సంఘాలవారు ఈ సాంకేతిక వివరాలన్నీ గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. మీ వీధికి కొత్త డ్రెయిన్ ప్రతిపాదన వచ్చినప్పుడు వార్డు సచివాలయంలోని అమెనిటీస్ కార్యదర్శి ద్వారా రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. డ్రెయిన్ చివర నీటి మట్టం ఎంత అని తీసుకున్నారు? ఈ లెక్క పాత మోడల్ నుంచి మార్చినదైతే పోలిక నివేదిక ఎక్కడ ఉంది? జవాబు కాగితం మీద తీసుకుని భద్రపరచుకోండి.

మా అభ్యంతర పత్రాలు, పాత, కొత్త పట్టికల పోలిక మా సంఘం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ స్థాయి అధికారి పిలిచినా, ఏ ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకుల ముందైనా వాటిని ఉంచడానికి వస్తాము. నైరుతి వానలు మొదలయ్యే జూన్ లోపు సమాధానం రాకపోతే, మోడల్ ఫైలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి, నిరాకరిస్తే అప్పీలుకు వెళతాము.

ఇట్లు,
వాననీటి పారుదల మోడలింగ్ ఇంజినీరు, నివాసుల సంఘం సభ్యుడు,
విజయవాడ